గోదావరి వెంట సముద్రమునకు: ఛాయాచిత్ర యాత్రలను గూర్చి

శీతకాలపు సెలవులు సమీపించినప్పుడెల్ల మన పాఠశాల పై తరగతుల విద్యార్థులు నాయొద్దకు గుంపుగా వచ్చి, "మాస్టరుగారూ, ఈ యేడు సముద్రానికి పోదామా? కెమెరా తెస్తారా?" అని యడుగుచుందురు. ఖమ్మము మొదలు భద్రాచలము వరకు గల యీ సీమయందు పుట్టి పెరిగిన పిల్లలకు సముద్రముకంటె వింతయైనది వేఱొకటి లేదు. మన చుట్టును ఎటు చూచినను టేకు చెట్టో, వెదురు పొదయో, గుట్టయో చూపునకు అడ్డము వచ్చుచుండును. సూర్యుడు చెట్ల తలలపైకి వచ్చిన పిదపనే మనకు గనబడును. ఆకాశమును నేలయు ఒక్క గీతమీద కలిసికొను చోటు మన పిల్లలలో ననేకులు చూచి యెఱుగరు. అట్టివారు మొదటిసారి కాకినాడ యొడ్డున నిలిచి నోట మాటలేక చూచుట నేను పెక్కు పర్యాయములు కంటిని.

అయితే ఆశ్చర్యపడుట వేఱు; చూచినదానిని పటమున పట్టుట వేఱు. ఇప్పుడు ఇంచుమించు ప్రతి యింటను కెమెరా గల సెల్ ఫోను ఉన్నది. తీరమునకు బోయి వచ్చినవారు చూపు పటములలో అధికభాగము ఒక్క తీరుగనే యుండును: పైన తెల్లవారిపోయిన ఆకాశము, క్రింద బూడిదవన్నె నీరు, నడుమ వంకరగీత, ముందు నల్లబడిన ముఖములు. ఇట్లగుటకు కారణమేమి, సరిచేయు మార్గమేమి, అసలు ఇట్టి యాత్ర యెందుకు చేయవలయును అను మూడు సంగతులను విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును ఉపయోగపడునట్లు ఇచ్చట వివరింప దలచితిని.

మన త్రోవ గోదావరియే

సముద్రమునకు బోవుటకు మనకు బస్సులు గలవు, రైళ్లు గలవు. కాని మనసులో నుంచుకొనవలసిన త్రోవ గోదావరియే. త్ర్యంబకము వద్ద పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించి యీ నది బంగాళాఖాతమున కలియుచున్నది. మనకు పైభాగమున ప్రాణహితయు ఇంద్రావతియు, మనకు దిగువను కూనవరము వద్ద శబరియు దీనిలో కలియుచున్నవి. వానకాలమున భద్రాచలము స్నానఘట్టము వద్ద నిలిచి చూచినప్పుడు నీరు ఎఱ్ఱగా నుండుట అందఱము ఎఱిగినదే. ఆ యెఱుపు పై కొండల మన్ను. ఆ మన్నే పాపికొండల నడుమనుండి సాగి, ధవళేశ్వరము దాటి, పాయలుగా చీలిన నదితో పోయి, వేల సంవత్సరములు పేరుకొని కోనసీమ యైనది. కాకినాడ యెదుట సముద్రములో సుమారు 16 కిలోమీటర్ల పొడవున నున్న హోప్ దీవి సైతము గోదావరి తెచ్చిన యిసుక గడచిన రెండువందల యేండ్లలో మేటవేయగా నేర్పడినదే. కావున తీరమున మన పాదముల క్రింద నలుగు నిసుకలో కొంత మన యూళ్ల ముందునుండియే పోయినది.

ఈ సంగతి తెలిసిన విద్యార్థి సముద్రమును పరాయి చోటుగా చూడడు. తన యింటి కథకు చివరి ప్రకరణముగా చూచును. అతడు తీయు పటములు భద్రాచలమున మొదలై, కూనవరపు సంగమము, పాపికొండలు, రాజమహేంద్రవరము, ధవళేశ్వరపు ఆనకట్ట, కోరంగి మడ అడవులు అను వరుసను సముద్రమున ముగియును. వరుస గల పటములు ఒక పాఠమువంటివి. వరుస లేనివి చిల్లరపైసలవంటివి.

పూర్వులు పడిన శ్రమ

ఛాయాచిత్రమునకును మన తీరమునకును ఒక విచిత్రమైన సంబంధము గలదు. 1839వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీన పారిసు నగరమున దాగేరు అనునాతని పద్ధతి లోకమునకు వెల్లడి చేయబడెను. వెండి పూసిన రాగిరేకుపై వెలుతురు తానే బొమ్మ వ్రాయునని జనులు విని నివ్వెఱపోయిరి. ఆ సంవత్సరమే నవంబరు 25వ తేదీన గొప్ప తుపాను కోరంగి రేవుపై బడి, నీటిని నేలమీదికి ద్రోసి, ఓడలతో గూడ ఆ పట్టణమును నాశనము చేసెను. కోరంగి మరల మునుపటి రేవు కాలేదు. అటుపిమ్మట కొలది సంవత్సరములకే కలకత్తాలో హెన్రీ పిడ్డింగ్టన్ అను పండితుడు ఇట్టి సుడిగాలివానలను పరిశీలించి వానికి సైక్లోను అను పేరు పెట్టెను. ఆ తుపానునకు ముందున్న కోరంగి యెట్లుండెనో చూపు ఛాయాచిత్రమునకు అవకాశమే లేకపోయెను. ఆ విద్య పుట్టిన మూడు నెలలకే ఆ పట్టణము పోయెను.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అను ఆంగ్లేయుడు తడి గాజుపలకల పద్ధతిని ప్రకటించెను. పలకకు మందు పూసి, అది యారకమునుపే కెమెరాలో నుంచి వెలుగు సోకించి, అప్పటికప్పుడే చీకటిలో కడిగి బొమ్మ తేల్చవలెను. కావున కొండకో తీరమునకో పోవువాడు కెమెరాతో గూడ గాజుపలకలు, మందుసీసాలు, నీటి పాత్రలు, చీకటి గుడారము మోయించుకొని పోవలసియుండెను. అమెరికాలో కార్ల్‌టన్ వాట్కిన్సు అనునాతడు ఇట్టి సామగ్రిని కంచరగాడిదలపై నెక్కించుకొని 1861లో యోసెమిటీ లోయకు బోయి దాని పటములు తీసెను. 1864లో ఆ లోయను ప్రజల కొఱకు కాపాడవలెనను చట్టముపై అబ్రహాము లింకను సంతకము చేసెను. ఆ పటములు చూచినవారి మనసులు ఆ చట్టమునకు అనుకూలించినవని చరిత్రకారులు చెప్పుదురు.

మన దేశమున ఈ విద్యకు వన్నె తెచ్చినవారిలో లాలా దీన్‌దయాళ్ ముఖ్యుడు. మీరటు సమీపమున సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, తరువాత హైదరాబాదు చేరి, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కొలువున ఛాయాచిత్రకారుడై, రాజా బిరుదు పొంది, 1905లో మరణించెను. మన యడవులకు మఱింత దగ్గఱగా వచ్చిన యింకొకడు ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫు. 1940 దశాబ్దపు తొలి యేండ్లలో ఈయన గోదావరి లోయలోని కొండరెడ్ల నడుమ నివసించి, వారి యిండ్లను, పోడు చేలను, పడవలను, పండుగలను వ్రాతలోను పటములలోను నిలిపెను. వారిని గూర్చిన ఆయన గ్రంథము 1945లో వెలువడెను. ఆయన తీసిన ఛాయాచిత్రములు నేడు లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య విద్యాశాలలో భద్రపరుపబడియున్నవి. ఆ లోయలోని పల్లెలలో కొన్ని నేడు లేవు. వాని తాతలనాటి రూపము చూడదలచినవారికి ఆ పటములే దిక్కు.

పాపికొండల నడుమ

నాకు స్వయముగా దెలిసిన ఒక సంగతి యిచ్చట చెప్పవలసియున్నది. పదునైదేండ్లకు పైబడినది. అప్పుడు మా యొద్ద నున్నది ఫిలుము కెమెరా. దానిలో నొక్క చుట్ట. చుట్టకు 36 పటములు. కొందఱు విద్యార్థులతో పడవనెక్కి పాపికొండలగుండ పోవుచుంటిమి. ఒకచోట నది మలుపు తిరుగగానే, ఎత్తయిన గట్టుమీద చింతచెట్ల క్రింద పదియిరువది కప్పులు గనబడినవి. మాతో నున్న తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు లేచి నిలిచి, "మాస్టరుగారూ, అదిగో మా ఊరు! ఒక్క ఫోటో తీయండి" అనెను. "కూర్చుండుము నాయనా, ఫిలుము సముద్రమునకు దాచవలెను" అని నేను బదులు చెప్పితిని. వాడు మాఱుమాటాడక కూర్చుండెను. ఊరు వెనుకకు జరిగిపోయెను. ఈ కథ శేషమును చివర చెప్పెదను.

పడవనుండి పటము తీయువారు తెలిసికొనదగిన దొకటి గలదు. పడవ కదలుచుండును, యంత్రపు అదురు ఒడలంతట సోకును. కావున షట్టరు తెఱచియుండు కాలము సెకండులో 250వ వంతుకంటె నెక్కువ కాకుండ చూచుకొనవలెను. చేయి పడవ కమ్మీకి ఆనింపరాదు. ఆనించినచో అదురు కెమెరాకు ప్రాకును. మోచేతులు ప్రక్కలకు హత్తుకొని నిలువవలెను. కొండల నడుమ నదికి ఉదయమున ఒక గట్టు వెలుగులోను ఒక గట్టు చీకటిలోను ఉండును. తక్కిన చోట్ల నిరుపయోగమైన మధ్యాహ్నపు వెలుగు ఇచ్చట కొంత మేలు చేయును. అప్పుడు రెండు గట్లును కనబడును.

అడవి వెలుగు, సముద్రపు వెలుగు

ఇక ముఖ్యమైన సంగతి. మనవారి పటములు తీరమున చెడిపోవుటకు మొదటి కారణము వెలుతురు తేడా. కెమెరాలోని వెలుగు కొలుచు యంత్రమునకు లోకజ్ఞానము లేదు. దాని యెదుట నున్నది తెల్లనిదో నల్లనిదో దానికి దెలియదు. అన్నియు కలిపి చూచినచో నడిమి బూడిదవన్నె కావలెనని దాని నమ్మకము. కావున తెల్లని యిసుకయు, నురుగును, మెఱయు నీరును దాని కెదురైనప్పుడు వానిని బూడిదవన్నెకు దించివేయును. మన యడవిలో దీనికి విపరీతము జరుగును: నల్లని చెట్టుబోదెలను, నీడలను చూచి, చాల చీకటిగా నున్నదని తలచి, వానిని తెల్లబఱచివేయును.

దీనికి మందు సులభము. తీరమున తెల్లని యిసుక పటములో నెక్కువ భాగ మాక్రమించినప్పుడు యంత్రము చెప్పినదానికంటె ఒక మెట్టు, అనగా రెండింతలు, వెలుగు ఎక్కువ ఇయ్యవలెను. దట్టమైన అడవిలో ఒక మెట్టు తగ్గింపవలెను. సెల్ ఫోనులో సైతము తెఱమీద వ్రేలుంచి పైకి జరిపిన వెలుగు పెరుగుటయు, క్రిందికి జరిపిన తగ్గుటయు చూడవచ్చును. యంత్రము లేని కాలమున పెద్దలు ఒక సూత్రము వాడిరి: నిండు ఎండలో ఎఫ్ 16 అను రంధ్రమును పెట్టి, ఫిలుము వేగము 100 అయినచో సెకండులో నూఱవ వంతు, 200 అయినచో రెండు నూఱవ వంతు షట్టరు తెఱువవలెను. సముద్రపు టిసుకమీద రంధ్రమును ఒక మెట్టు తగ్గించి ఎఫ్ 22 పెట్టిరి. సంఖ్య పెరిగినకొలది రంధ్రము చిన్నదగునని మఱువరాదు.

రెండవ కారణము వేళ. మన తూర్పు తీరమున సూర్యుడు నీటినుండి యుదయించి నేలమీద అస్తమించును; కేరళ, గోవా తీరములందు నేలమీద ఉదయించి నీటిలో అస్తమించును. కాబట్టి మనకు ఉదయమున కెమెరా సముద్రమువైపు తిప్పిన సూర్యుడు నేరుగ కంటబడును. పడవలు, మనుష్యులు నల్లని నీడబొమ్మలగుదురు. ఆ నీడబొమ్మలే కావలెనన్న మంచిది, ఆకాశమునకు సరిపడు వెలుగే యిచ్చి తీయవలెను. ముఖములు కావలెనన్న సూర్యునికి వీపు పెట్టి ఒడ్డువైపు తిరుగవలెను. సాయంకాలమున సముద్రమువైపు తీసినచో వెలుగు మన వెనుకనుండి వచ్చి తెరచాపలను, అలలను బంగారువన్నె చేయును. ఉదయాస్తమయములకు చేరువనున్న గంటకాలము వెలుగు ఏటవాలుగా బడి ఇసుకలోని ప్రతి ముడుతను చూపును. మధ్యాహ్నము అవన్నియు చదునైపోవును. సూర్యుడు పొడుచుటకు అరగంట ముందు నీలివెలుగు వచ్చును. అది చూడదలచినవారు దీపముండగనే లేచి ఒడ్డు చేరవలెను.

మూడవ కారణము ఆ గీత. ఆకాశమును సముద్రమును కలియునట్లు కనబడు క్షితిజరేఖ ఏ మాత్రము వాలినను నీరంతయు ప్రక్కకు కాఱిపోవునట్లుండును. కొండలలో నిట్టి చిక్కు లేదు, కొండ యెటు వాలినను తెలియదు. కావున మన పిల్లలకు ఈ యభ్యాసము తక్కువ. గీతను పటపు అంచుతో సరిచూచుకొని తీయవలెను. దానిని సరిగా నడుమ నుంచక, ఆకాశమున మేఘములు బాగున్న క్రిందికి, ఇసుకలో విశేషమున్న పైకి జరుపుట మేలు. ఆ గీత యెంత దూరమున నున్నదని విద్యార్థులు అడుగుదురు. ఒడ్డున నిలిచినవాని కన్ను నీటికి మీటరున్నర పైన నున్నచో ఆ గీత సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దూరమున నుండును. 25 మీటర్ల దీపస్తంభమెక్కిన సుమారు 18 కిలోమీటర్లు కనబడును. భూమి గుండ్రనగుటయే దీనికి కారణము. గణితము నేర్చిన పై తరగతివారు దీనిని లెక్కవేసి చూడవచ్చును.

నాలుగవది, పటమునకు ముందుభాగము. కేవలము నీరును ఆకాశమును తీసిన అందులో చూపు నిలుచుటకు చోటుండదు. ఆరబెట్టిన వల, ఒడ్డుకు లాగిన పడవ, సరుగుడు చెట్టు వేరు, తడి యిసుకలో ఆకాశపు నీడ, ఎండ్రకాయ త్రవ్విన గుంట చుట్టు ముద్దలు, ఇవి యేవైన దగ్గఱగా నుంచి తీసినచో సముద్రపు వైశాల్యము తానే తెలియును. అలలను తీయునప్పుడు సెకండులో 500వ వంతు షట్టరు పెట్టిన నీటిబొట్లు ముత్యములవలె నిలిచిపోవును. 15వ వంతు పెట్టిన కదలిక కనబడును. వెలుగు తగ్గినవేళ కొన్ని సెకండ్లు తెఱచియుంచిన నీరు పొగమంచువలె నుండును. దీనికి మూడుకాళ్ల స్టాండు కావలెను. అల తగులుచోట కాళ్ల క్రింది యిసుక జాఱును గనుక ముందుగనే కాళ్లను లోతుగా గ్రుచ్చవలెను.

ఆటుపోటులు, మడ అడవి, ఉప్పాడ యొడ్డు

నదిని మాత్రమెఱిగిన మనకు ఆటుపోటులు క్రొత్త. సముద్రము సుమారు పన్నెండు గంటల ఇరువదియైదు నిమిషముల కొకసారి పొంగును. కనుక నేటి పోటు రేపు దాదాపు ఏబది నిమిషములు ఆలస్యమగును. పున్నమకును అమావాస్యకును పోటు ఎక్కువ. యాత్రకు ముందే ఈ వేళలను తెలిసికొని వ్రాసికొనవలెను.

దీని ప్రయోజనము కోరంగిలో కనబడును. కాకినాడకు దక్షిణమున నున్న యీ మడ అడవి 1978లో వన్యప్రాణి సంరక్షణ కేంద్రముగా ప్రకటింపబడెను. దీని వైశాల్యము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. తెల్లమడ, నల్లమడ, తిల్ల మొదలగు చెట్లు ఉప్పునీటి బురదలో పెరుగుచున్నవి. బురదలో గాలి చొఱదు గనుక మడచెట్ల వేళ్లు మేకులవలె పైకి పొడుచుకొని వచ్చి ఊపిరి పీల్చును. బావురుపిల్లులును నీటికుక్కలును ఇచ్చట నివసించును. చెట్ల నడుమ కొయ్యబాట గలదు. ఆటు సమయమున దానిమీద నిలిచినచో వేళ్లన్నియు కనబడును. ఆఱు గంటల పిదప అదే చోట నీరు తప్ప వేఱేమియు కనబడదు. ఒకే చోట నిలిచి రెండు వేళలందు రెండు పటములు తీసిన విద్యార్థికి భూగోళ పాఠము మరల చెప్పనక్కఱలేదు. ఈ చెట్లే తుపాను పోటునకు అడ్డు నిలిచి వెనుకనున్న ఊళ్లను కాచుచున్నవి. 1839లోని సంగతి తలచుకొన్నవారు వీనిని నఱుకరు.

కాకినాడకు ఉత్తరమున ఉప్పాడ గలదు. అచ్చట సముద్రము సంవత్సరమునకు సంవత్సరము ఒడ్డును కోసికొనుచు లోనికి వచ్చుచున్నది. ఇండ్లు, బాట, చెట్లు నీటిపాలైనవి. అడ్డముగా వేసిన రాళ్లను సైతము అలలు కదలించినవి. తీరము కోసుకొనిపోవుటకు కారణములు పెక్కు. గోదావరి తీరమంతటికిని సంబంధించిన కారణమొకటి మనము గ్రహింపవలెను: నదిపైనను ఉపనదులపైనను కట్టిన జలాశయములలో ఒండ్రుమట్టి నిలిచిపోవుటచేత సముద్రమునకు చేరు మన్ను మునుపటికంటె తగ్గినది. తెచ్చియిచ్చువాడు తగ్గినప్పుడు తినివేయువాడు గెలుచును. ఉప్పాడ ముసలి పల్లెకారుడు సముద్రమువైపు చేయి చాచి, "మా పాతిల్లు అదిగో, ఆ అల లేచే చోట" అని చూపినప్పుడు, ఆ చోట తీయుటకు నీరు తప్ప మఱేమియు మాకు కనబడలేదు.

జాగ్రత్తలు, మర్యాదలు

ఉప్పుగాలి యంత్రమునకు శత్రువు. ఇసుకలో లెన్సు విప్పరాదు. బసకు చేరగనే మంచినీట తడిపి పిండిన గుడ్డతో కెమెరా పైభాగమును తుడిచి, పొడిగుడ్డతో ఒత్తవలెను. లెన్సుమీది యిసుకను ముందు ఊదివేసి పిమ్మట తుడువవలెను; ఊదక తుడిచిన గీతలు పడును.

ప్రాణము పటముకంటె గొప్పది. అలకు వీపు పెట్టి నిలువరాదు. కాకినాడ తీరమునకు అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుపానుల భయము గలదు. వాతావరణ శాఖవారి హెచ్చరిక చూడక బయలుదేరరాదు. పడవనెక్కువారు ఈతచొక్కా ధరింపక యెక్కరాదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు వద్ద వరదగోదావరిలో విహారపు పడవ మునిగి అనేకులు మరణించిన సంగతి ఏ తల్లిదండ్రులును మఱచియుండరు. వరదకాలమున మేము పిల్లలను నదిమీదికి తీసికొనిపోము.

మనుష్యులను తీయునప్పుడు అడిగి తీయవలెను. జాలరి ఇల్లైనను కొండరెడ్డి గుడిసెయైనను అది యొక కుటుంబపు ముంగిలి. సంతలో వస్తువు కాదు. వలదన్నచో నమస్కరించి తప్పుకొనవలెను. సరేయన్నవారికి పటమొకటి అచ్చువేయించి తప్పక పంపవలెను. మేమట్లు పంపిన పటము ఒక పల్లెకారుని యింట గోడకు తగిలించియుండుట మరుసటి యేడు చూచి మా పిల్లలు పొందిన సంతోషము ఇంతింత యని చెప్పజాలను.

చివర మాట

ఇప్పుడు విడిచిన కథను ముగించెదను. ఆ యాత్రలో 36 పటములలో ముప్పదికి పైగా సముద్రమునకే వ్యయపఱచితిని. కడిగించి చూడగా అవన్నియు ఇంచుమించు ఒక్కటే: బూడిద యిసుక, వాలిన గీత, నల్లని ముఖములు. పైన చెప్పిన పాఠములను నేను నేర్చినది ఆ తప్పులనుండియే. అయినను అవి అసలు తప్పు కావు.

కాలము గడచెను. 2014లో కూనవరము, వరరామచంద్రపురము, వేలేరుపాడు మొదలగు మండలములు ఖమ్మము జిల్లానుండి ఆంధ్రప్రదేశమునకు మార్చబడెను. పోలవరము వద్ద 45.72 మీటర్ల పూర్తి మట్టముతో జలాశయము కట్టు పని సాగెను. 2019 మొదలు వరద వచ్చినప్పుడెల్ల దేవీపట్నము మొదలైన చోట్ల నీరు మునుపటికంటె ఎక్కువగా నిలిచి, గ్రామములు ఒకటొకటిగ ఖాళీ యయ్యెను. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటెను. 1986 ఆగస్టు వరదలోని 75.6 అడుగుల తరువాత అంతటి మట్టము మనవారు చూడలేదు. ఆ వరద తీసిన పిదప ఒకనాడు ఒక యువకుడు పాఠశాలకు వచ్చి నన్నడిగెను. అతడే ఆనాటి తొమ్మిదవ తరగతి పిల్లవాడు. వారి కుటుంబము పునరావాస కాలనీకి చేరియుండెను. "మాస్టరుగారూ, ఆ రోజు పడవలో పోయాం కదా. మా ఊరిది ఒక్క ఫోటో అయినా పడి ఉంటుందేమోనని వచ్చాను. నాయనమ్మ అడుగుతోంది" అనెను. నేను పాత పెట్టె విప్పి ప్రతి పటమును వెదకితిని. సముద్రము ముప్పది యున్నది. అతని యూరు లేదు.

అతడు నన్ను నిందింపలేదు. టీ త్రాగి, ఆనాటి సముద్రపు పటమొకటి తనది యడిగి తీసికొని పోయెను. ఆ దినమునుండి మా యాత్రల నియమము మారినది. మొదటి పటము బయలుదేరిన యూరిది. త్రోవలో ఏ విద్యార్థి యూరు వచ్చినను దానిని తీయకుండ ముందుకు పోము. సముద్రమునకు మిగిలినది చాలును. సముద్రము రేపును ఉండును.

తీసిన ప్రతి పటమునకు నాలుగు సంగతులు వ్రాయించుచున్నాము: ఊరు, తేదీ, వేళ, నిలిచిన చోటు. జిల్లా పేరు వ్రాసినప్పుడు సంవత్సరమును గూడ తప్పక వ్రాయవలెను. కూనవరము 1959లో ఖమ్మము జిల్లాలో చేరెను. 2014లో తూర్పుగోదావరి జిల్లాకు పోయెను. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరెను. సంవత్సరము లేని పటము కొంతకాలమునకు ఎవరికిని అర్థము కాదు. ఫోనులో నుంచుకొన్న పటములు ఫోనుతోనే పోవును. కనుక ముఖ్యమైనవానిని కాగితముపై అచ్చువేయించి పాఠశాల గ్రంథాలయములోని పెట్టెలో నుంచుచున్నాము.

విద్యార్థులారా, ఈ సెలవులలో అందఱును సముద్రమునకు రాజాలకపోవచ్చును. రాలేనివారు చింతింపవలదు. మీ యూరి చెఱువుగట్టును, బావిని, మఱ్ఱిచెట్టును, మీ యింటి ముందు కూర్చుండిన అవ్వను ఉదయపు వెలుగులో నిలిచి తీయుడు. గీత వాలకుండ చూచుకొనుడు. వెనుక పేరు, తేదీ వ్రాసి పాఠశాల తెఱచిన దినమున నాకు తెచ్చి యిండు. పెట్టెలో చోటు చాల నున్నది.